పద్నాలుగో గది గంట

విస్కాన్సిన్‌లోని ఆ సర్కారు వృద్ధాశ్రమంలో నలభై మంచాలకు రాత్రిపూట వెర్నా ఒక్కతే ఆయా. ఈ ఏటి బడ్జెట్ మిగతా ఇద్దరి ఉద్యోగాలూ ఊడగొట్టింది. రేడియోలో, జనం ఫోన్ చేసి మాట్లాడే నిరుటి చర్చే మళ్లీ వేస్తున్నారు.

"పన్ను మాఫీ షావుకార్లకు, కోతేమో ముసలాళ్ల పక్కలకు! సిగ్గుండాలి," అంటోంది వ్యాఖ్యాత షెరిల్.

"థూ, వీళ్ల మొహాలు మండ," అంది వెర్నా, కంపుకొడుతున్న దుప్పట్లు మూటగడుతూ.

చర్చలో తర్వాతి ఫోన్ ఆర్విల్‌ది. పద్నాలుగో గది ముసలాయన. ఆయాను పిలిచే గంట నొక్కుతూనే మొన్న ఫిబ్రవరిలో పోయాడు.

"ఎంత నొక్కినా ఎవరూ రారమ్మా."

"ఇప్పుడు నొక్కండి పెద్దాయనా, అందరం విందాం," అంది షెరిల్.

రేడియోలో గంట మోగింది. నడవా చివర, ఖాళీగా ఉన్న పద్నాలుగో గది తలుపు మీద, ఎర్రదీపం వెలిగింది.

వెర్నా రేడియో వైరు లాగేసింది. గంట ఆగలేదు.

"వస్తుందిలే షెరిల్," అన్నాడు ఆర్విల్, ఆ రేడియోలోంచే. "పాపం, ఒక్కతే కదా."