ఎవరూ కొనని ఉల్లి బన్నులు

కూతురు పోయినా బేకరీ అక్క ఒక్క కన్నీటి బొట్టు కూడా రాల్చలేదన్నది మా వీధి వీధంతా నమ్మిన మాట.

విశ్వాసమంటే అదీ అని ఆమె వెళ్లే చర్చి సంఘంవాళ్లు చెప్పుకున్నారు. గుండె రాయైపోయిందని ఎదురింటి దర్జీ అన్నాడు. రెండు పక్షాలకూ ఆధారం ఒక్కటే: సమాధి దగ్గర ఆమె పొడి కళ్లు.

నేను రసాయనశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఆధారం చాలనప్పుడు అభిప్రాయాన్ని వాయిదా వేసుకోవడం నాకు అలవాటు.

ఆ అమ్మాయిని నేనూ ఎరుగుదును. కేకుల మీద క్రీముతో పేర్లు రాసేది. నా పదవీ విరమణ కేకు మీద నా పేరుకు బదులు 'పిల్లలకు విముక్తి' అని రాసి, డబ్బాకు తాడు కట్టి, ఏమీ ఎరగనట్టు నా చేతిలో పెట్టింది.

జ్వరం వచ్చింది. వారం తిరగకుండానే మనిషి లేదు.

ఇప్పుడా బేకరీలోంచి కేకులు పేర్లు లేకుండానే బయటికి వెళుతున్నాయి.

కొత్తగా వచ్చినవి ఉల్లి బన్నులు. సాయంత్రానికి పళ్లేలకు పళ్లేలే మిగిలిపోతాయి. అయినా మర్నాడు మధ్యాహ్నం ఆమె మళ్లీ గంపెడు ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చుంటుంది.

ఎర్రబడ్డ ఆ కళ్లు చూసి, ఉండబట్టలేక సలహా ఇచ్చాను. ఉల్లిపాయ కోసినప్పుడు గంధకం కలిసిన ఆవిరి లేస్తుందనీ, కాసేపు చల్లటి నీళ్లలో నానబెట్టి పదునైన కత్తితో కోస్తే కళ్లు అంతగా మండవనీ వివరంగా చెప్పాను.

ఆమె శ్రద్ధగా విన్నది. అలాగే మాస్టారూ అన్నది.

మర్నాడు వెళ్లేసరికి అదే మొద్దు కత్తి. నీళ్ల గిన్నె జాడ లేదు.

పాఠం ఆమెకు అర్థం కాలేదనుకున్నాను, ఆమె మొహంలోకి మరోసారి చూసేదాకా.

బ్రెడ్డు చేత్తో పట్టుకుని నేనక్కడే నిలబడి ఉండగా పాస్టరు గారు లోపలికి వచ్చారు. కుర్రవాడు, మంచివాడు, ఒకచోట కుదురుగా కూర్చుని మాట్లాడలేని రకం. ఆదివారం ఆరాధనలో ఆమె సాక్ష్యం చెప్పాలని గుర్తుచేయడానికి వచ్చారు. ఇంత కష్టంలోనూ కన్నీరు పెట్టని విశ్వాసం గురించి చెప్పాలట. సంఘమంతా ఎదురుచూస్తోందట. మిగతా తల్లులు నేర్చుకోవలసింది ఎంతో ఉందట.

ఆమె తల ఊపింది. కత్తి ఆగలేదు.

"ఏంటక్కా, కళ్లు అలా ఉన్నాయి?"

"ఉల్లిపాయలండీ."

పాస్టరు గారు ఆ మాట నమ్మారు.

టీ తాగుతూ ఆయనతో వాదించినప్పుడల్లా నేను వేసే ప్రశ్న ఒకటుంది. అదే మళ్లీ వేశాను. ఇదివరకు వేసింది గెలవడానికి.

"ఒక సందేహం పాస్టరు గారూ. చనిపోయిన స్నేహితుణ్ణి మీ ప్రభువు కాసేపట్లో లేపబోతున్నాడు. లేపుతానని ఆయనకు తెలుసు కూడా. మరి సమాధి దగ్గర నిలబడి ఎందుకు ఏడ్చినట్టు?"

నా చూపు ఎటు ఉందో ఆయనా అటు చూశారు. గంపను చూశారు. నిన్నటి బన్నులు నిండుగా ఉన్న పళ్లేలను చూశారు.

స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నారు.

"ఆ స్నేహితుడి అక్కచెల్లెళ్లు ఏడుస్తుంటే చూడలేక అయ్యుంటుంది మాస్టారూ" అన్నారు, ఆమెనే చూస్తూ.

తర్వాత ఆమె చేతిలోంచి కత్తిని మెల్లగా తీసి బల్ల మీద పెట్టారు.

"సాక్ష్యం వద్దక్కా. మిమ్మల్ని ఏడవనివ్వనిది మేమే."

ఆమె ఏప్రానుకు చేతులు తుడుచుకుంది. అప్పుడు చెప్పింది. పాప పోయిన నాటి నుంచీ సంఘం ఆడవాళ్లు వంతులవారీగా తోడు పడుకుంటున్నారట. ఎంతో ప్రేమగా చూసుకుంటున్నారట. నీలాంటి విశ్వాసం మాకూ కావాలని అంటుంటారట. వాళ్ల ముందు ఏడిస్తే దేవుడికి మచ్చ తెచ్చినట్టవుతుందని భయమట.

పాస్టరు గారు తల దించుకున్నారు.

"చెబుతాను లెండి" అందామె. "మీరు చెప్పమన్నది మాత్రం కాదు."

ఆదివారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరిన నన్ను దర్జీ ఆపాడు. ఈ వయసులో దేవుడు దొరికాడా మాస్టారూ అని అడిగాడు. ఇంకా లేదు, నేను వెళ్లేది వెతకడానికీ కాదులే అన్నాను.

చర్చిలో తలుపు పక్కన, ఆఖరి వరసలో కూర్చున్నాను.

ఆమె మైకు ముందుకు వచ్చింది. ఎత్తు సరిపోక పాస్టరు గారే దాన్ని కిందికి వంచారు.

"పాపను మళ్లీ చూస్తానని నమ్ముతున్నాను" అంది. "కానీ నాకు ఇవాళ చూడాలనుంది."

ఆ మాటతోనే మైకు స్టాండును రెండు చేతులా పట్టుకుని ఆగిపోయింది.

అలాంటప్పుడు అందుకోవడానికి పాటల బృందం సిద్ధంగానే ఉంటుంది. హార్మోనియం మీద చెయ్యి పడబోయింది. పాస్టరు గారు వద్దని సైగ చేశారు.

ముందు వరసలోంచి ఒక పెద్దావిడ లేచి వెళ్లి ఆమె పక్కన నిలబడింది. ఆ వెనకే మరొకామె. తోడు పడుకున్న ఆడవాళ్లే. ఊరుకో అని ఎవరూ అనలేదు.

ఒక పాట పట్టేంతసేపు, అందరూ చూస్తుండగా, బేకరీ అక్క ఏడ్చింది.