మరో ఐదేళ్లు

"హారన్ మోగట్లేదండీ," ఇన్‌స్పెక్టర్ అడక్కముందే చెప్పేసింది ఆమె.

ఆమె కాపురం కంటే వయసులో పెద్దది ఆ కారు. ఈ రోజు ఆర్టీవో ఆఫీసు తనిఖీలో పాసైతే రిజిస్ట్రేషన్ మరో ఐదేళ్లు పొడిగిస్తారు. లేదంటే నేరుగా తుక్కు కొట్టుకే.

గడువు తీరినప్పటి నుంచి ఆమె భర్త దాన్ని షెడ్డులోంచి అంగుళం కదపలేదు. రిటైరయ్యేదాకా ఊరందరికీ డ్రైవింగ్ నేర్పిన మనిషి. పెళ్లాం మాట వినడు, డాక్టరు మాట అసలే వినడు. కాగితం లేని బండి మాత్రం చచ్చినా నడపడు.

"సార్ రాలేదేమ్మా?"

"క్యూలంటే ఆయనకి చిరాకండీ. మెకానిక్‌ని తోడిచ్చి నన్ను తోలారు."

ఇన్‌స్పెక్టర్ బానెట్ ఎత్తి, ఉయ్యాల్లో పసిపాపని చూసినట్టు తొంగిచూశాడు.

"బ్రేకు కూడా కాస్త ఆలస్యంగా పడుతుంది," అంది.

"మీలా నిజం చెప్పేవాళ్లు ఎక్కడున్నారమ్మా! అందరూ రంగు పూసి తెస్తారు."

"కింద తుప్పుంది. వంగి చూడండి."

వంగి చూశాడు. "తుప్పు కాదమ్మా, వయసు. నాకూ ఉంది."

మెకానిక్ ఉండబట్టలేకపోయాడు. "నేను బాగుచేస్తానంటే అమ్మగారే వద్దన్నారు సార్."

ఆమె చూసిన చూపుకి అతను నోరు మూసుకున్నాడు.

"మంచిపని చేశారమ్మా. ఇతని చెయ్యి పడితే అసలు రూపమే పోయేది," అంటూ ఇన్‌స్పెక్టర్ తనే ఊడిన వైరు మెలిపెట్టాడు. హారన్ ఆఫీసంతా అదిరేలా మోగింది.

"రూలు ప్రకారం ఫెయిలే కదండీ?" ఆత్రంగా అడిగింది ఆమె.

"భయపడకండమ్మా. రూలు చూస్తే ఫెయిలే. కానీ ఇంత ముచ్చటైన బండిని తుక్కులో వేస్తే నాకు నిద్ర పట్టదు. బ్రేకు మాత్రం వెంటనే బిగించుకోండి."

ముద్ర పడింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సంతోషంలో అంతేనమ్మా," అన్నాడాయన, తన కళ్లూ తుడుచుకుంటూ.

భర్తకి ఏం అబద్ధం చెప్పాలో దారంతా ఆలోచిస్తూనే ఉంది ఆమె. ఆ అవకాశం కూడా ఇవ్వకుండా, ఇంటి ముందు మెకానిక్ రెండుసార్లు హారన్ కొట్టి, "పాసైపోయింది సార్!" అని వీధంతా వినపడేలా అరిచాడు.

"తాళాలిటివ్వు, మనవరాలిని బడి నుంచి ఇవాళ నేనే తీసుకొస్తా," అంటూ గుమ్మం గోడ తడుముకుంటూ బయటికొచ్చిన భర్త, ఆమె నిలబడ్డ చోటికి రెండడుగుల పక్కన, ఖాళీ గాలిలోకి చెయ్యి చాచాడు.