మెలెనైతె మామ్మ జబ్బులు

"ఈ వారం ఏం జబ్బు మామ్మా?" అన్నాడు సైమోనె, తల ఎత్తకుండానే.

మెలెనైతె ఆరోగ్యకేంద్రం బల్ల మీద వేడి కొబ్బరి రొట్టె పెట్టి, బెంచీ మీద కూలబడింది. డెబ్బై ఎనిమిదేళ్ల వితంతువు. కిందటి నెల ఆమెకు గర్భం రాకుండా మాత్రలు కావలసి వచ్చాయి. అంతకు ముందు మూత్రంలో మంట. ఒకసారి కండోములు అడిగితే, ఈ వయసులో ఎవరి కోసమని సైమోనె నవ్వాడు. చర్చిలో పాడే ముసలాళ్లలో ఇంకా ఇద్దరు బతికే ఉన్నారంది.

ఆ దీవికంతా సైమోనె ఒక్కడే నర్సు. అక్కడి కట్టుబాటు ప్రకారం అన్న ముందు చెల్లెలు అలాంటి మాట ఎత్తకూడదు. ఎత్తితే ఇద్దరికీ తలవంపులు. నాలుగు వందల మంది ఉన్న చోట ప్రతి ఆడపిల్లకూ అతను ఏదో ఒక వరసన అన్నే. ఆడ నర్సును పంపమని రెండేళ్లుగా రాసి రాసి అతను విసిగిపోయాడు. ఈలోగా ఆడపిల్లల జబ్బులన్నీ మామ్మ ఒంటికి పాకాయి. ఎవరివని అతను అడగడు. ఆమె చెప్పదు.

ఈరోజు ఆమె నవ్వలేదు. రెండు నెలలుగా నెలసరి లేదంది. నాలుగు రోజులుగా పొత్తికడుపులో ఒక పక్కే నొప్పంది. పొద్దున కళ్లు తిరిగి పడ్డానంది.

సైమోనె కలం కింద పెట్టాడు. గర్భసంచిలో కాక పక్కన ఎక్కడో పిండం పెరుగుతూ ఉండొచ్చు. అది చిట్లితే ప్రాణం మీదికొస్తుంది. పెద్దాసుపత్రి ఉన్న దీవికి పడవ ఇంకో గంటలో బయలుదేరుతుంది.

"ఆటలు చాలు మామ్మా. ఆ పిల్లని తీసుకురా."

"రాదు."

"మీ మనవరాలు ఫూసే కదా? నాకు దూరపు వరస. గోడ వైపు తిరిగి మాట్లాడతాను."

మామ్మ మర్యాదకని బట్టల మీద నడుముకు చుట్టుకున్న చాప అంచు పీకసాగింది. అతని అలసటంతా కోపంగా మారింది.

"ఆ ఇంట్లో అన్నదమ్ములు లేరా? నాలుగు రోజులుగా పిల్ల కడుపు పట్టుకుని తిరుగుతుంటే కళ్లెక్కడ పెట్టుకున్నారు?"

"ఉన్నాడు నాయనా. పొద్దుగూకాక అలిసిపోయి వస్తాడు."

"తాగి పడుకునే రకమన్నమాట."

"అలాంటివాడు కాదు."

ఇక వాదించే ఓపిక అతనికి లేదు. పడవవాడికి ఫోన్ చేసి ఇద్దరికి చోటు ఉంచమన్నాడు. పెద్దాసుపత్రిలో ఆడ డాక్టరును సిద్ధంగా ఉండమన్నాడు. పిల్ల సిగ్గుపడకుండా తాను రేవు వైపు కూడా రానని, మామ్మనే తోడు వెళ్లమని చెప్పాడు. ఆ డాక్టరుకు ఉత్తరం రాయడం మొదలుపెట్టి, పేరు రాయాల్సిన మొదటి గీత దగ్గర ఆగాడు.

"పేరు చెప్పు. రాసి మర్చిపోతాను."

మెలెనైతె లేచి వచ్చి అతని భుజం మీద చేయి వేసింది.

"నీ తర్వాత మీ అమ్మ కన్న పిల్ల పేరు రాయి నాయనా."