బావి మూత మీది రాయి

బావి మూత మీది రాయి ఎవరో తీశారు. తీసినవాళ్ల చేతులు పడిపోను!

మూల విరిగిన నల్లరాయి అది. చెక్క మూత గాలికి లేవకుండా ఏళ్ల తరబడి అక్కడే ఉంది. చలి ముదరకముందే మా ఊళ్లో ఇంటింటా క్యాబేజీ ఊరవేస్తారు. జాడీలో దాన్ని అదిమిపెట్టడానికి బరువైన రాయి కావాలి. ఈసారి ఏరు ముందే గడ్డకట్టింది, ఒడ్డున రాళ్లు ఊడిరావడం లేదు. ఇంకేం, ఎవరికో బావి రాయి మీద కన్ను పడింది. మధ్యాహ్నం గాలికి మూత ఎగిరిపోయింది. ఐదేళ్ల డౌడౌ తొంగి చూశాడు. లోపల పడ్డాడు.

తాడు పట్టుకుని బావిలోకి దిగినవాడు దాషన్. ఒకప్పుడు దూడను దొంగిలించి జైలుకెళ్లొచ్చిన దాషనే. పిల్లాణ్ణి భుజాన వేసుకుని పైకొచ్చేసరికి అతని పెదాలు నీలం తిరిగాయి.

"చూశారా, మనిషి పుట్టుకతో మంచివాడే," అన్నాడు యెన్ పంతులు కళ్లు తుడుచుకుంటూ.

డౌడౌ నానమ్మ చియావ్ అంతెత్తున లేచింది.

"ఏం మంచి పంతులూ, నీ బొంద మంచి! మరి రాయి తీసిన మనిషో? పుట్టడమే పాడుబుద్ధితో పుడతారు మనుషులు. నన్నడుగు, నేను చెబుతా!"

కోపం రాదా మరి? పోయిన నెలే పిల్లాడు పొయ్యి దగ్గర చెయ్యి కాల్చుకున్నాడు. ఇంకొక్కసారి ఏమన్నా అయితే వాణ్ణి పట్నం తీసుకుపోతామని కోడలు ఫోన్‌లో తెగేసి చెప్పింది. వాడు తప్ప ఆ ముసలిదానికి ఎవరున్నారు?

"ఇంటింటికీ వెళ్లి జాడీలు చూద్దాం," అన్నాడు పంతులు.

"ఊరందరి జాడీలూ తెరుస్తావా? గాలి తగిలితే క్యాబేజీ కుళ్లదూ?" చియావ్ వేలు దాషన్ వైపు తిరిగింది. "దొంగ కళ్లెదుటే ఉంటే వెతుకులాట దేనికి? అంత గబాల్న దిగాడంటేనే తెలియడం లేదా?"

జనం గుసగుసలాడారు. దూడ పోగొట్టుకున్నవాళ్లూ అందులో ఉన్నారు.

"దాషన్, నీ గది బావికి ఎదురే కదరా. రాయి ఎవరు తీశారో చూశావా?" పంతులు అడిగాడు.

దాషన్ తలెత్తాడు. డౌడౌ వణుకుతూ నానమ్మ మెడ వాటేసుకుని ఉన్నాడు. వాణ్ణి కాసేపు చూశాడు.

"చూళ్లేదు."

"చూళ్లేదట! తీసినోడికి చూసే పనేముంది?"

అతని గదికి పరిగెత్తారు. రాయి లేదు. అసలు జాడీయే లేదు. "అమ్ముకునుంటాడు!" అని ఒకడు అరిచాడు. ఆ మాట అందరికీ నచ్చింది. చీకటి పడేలోగా ఊరొదిలి పొమ్మన్నారు. అతను తడిబట్టల్లో ఉండగానే అతని మూట బయటికి విసిరారు. పంతులు నోరెత్తబోతే నలుగురూ మీదపడ్డారు.

దాషన్ దగ్గుతూ మూట ఎత్తుకున్నాడు.

"పెద్దమ్మా, ముందు పిల్లాడికి పొడిబట్టలు వెయ్యి," అని వెళ్లిపోయాడు.

చియావ్ ఇంటికొచ్చి డౌడౌకి బట్టలు మార్చి, దుప్పటి కప్పి, తలుపు గడియ పెట్టి, వంటింట్లో జాడీ మూత తీసి, పొద్దున తాను పెట్టిన ఆ మూల విరిగిన నల్లరాయిని క్యాబేజీలోకి ఇంకాస్త అదిమింది.