జిడ్డు రాయని తూటా

తూటాలు నొక్కే ప్రెస్సు పిడి కిందికి దిగింది. మళ్లీ పైకి రానంది.

నోలీన్ పర్టెల్ ఒంట్లో ఉన్న బలమంతా చేతుల్లోకి తెచ్చుకుని లాగింది. టక్కుమని ఇత్తడి అంచు ఊడొచ్చింది. తూటా గొట్టం మాత్రం డై అనే ఉక్కు అచ్చులోనే తిష్ఠ వేసింది.

కాల్చిన తూటా గొట్టం ఉబ్బుతుంది. దాన్ని డైలోకి దూర్చి నొక్కితే మళ్లీ నాజూకవుతుంది. దూర్చే ముందు గొర్రె ఉన్ని జిడ్డు పుయ్యాలి. ముప్ఫై ఏళ్లుగా నోలీన్ మరవకుండా పూస్తూనే ఉంది. ఇవాళ హడావిడిలో ఒక్కదానికి మరిచింది. తూటా కాస్తా తంటా అయింది. డై పేరుకు తగ్గట్టే డై అయిపోయింది.

హడావిడికి కారణం, సిద్ధం చేసుకున్న తూటాల పెట్టె. అది రెండొందల కిలోమీటర్ల అవతల, వంటింటి బల్ల మీద భద్రంగా ఉంది. ట్రక్కులో ఉన్నవల్లా ఖాళీ గొట్టాలు, గుండ్లు, తుపాకి మందు డబ్బా, ఈ పాత ప్రెస్సు.

కుర్రాబీ రైఫిల్ క్లబ్బులో ఇవాళ జిల్లా జట్టు ఎంపిక. అయిదుగురికే చోటు. పదకొండేళ్లుగా నోలీన్‌ది ఆరో స్థానం. ఆమె ఇంటిపేరు పర్టెల్ కాదు, ‘ఆరు’ అని క్లబ్బులో వేళాకోళం. కుడికంటి వెనక పొర చెడుతోందనీ, వచ్చే ఏటికి గురి కుదరదనీ డాక్టరు తేల్చేశాడు. గురి గురించి తప్ప మరో దాని గురించి ఆలోచించని మనిషికి ఇవాళే ఆఖరి అవకాశం.

పట్టకారు తీసి గొట్టాన్ని పీకబోయింది.

“పీకకండి తల్లీ. డై గీసుకుపోతుంది.”

క్లబ్బు షెడ్డు గుమ్మంలో ఆకుపచ్చ ఉన్ని టోపీ పెట్టుకున్న ముసలాయన. ఇదివరకు చూసిన మొహం కాదు.

“టీ అయితే పక్క షెడ్డులో, పెద్దాయనా. ఇక్కడ దొరికేది తిట్లే.”

“అవి మా ఇంట్లోనే దొరుకుతాయి. డ్రిల్లుందా?”

“నా బుర్రకి కన్నం పెడతారా?”

“ఆ గొట్టం అడుక్కి. మర కోసే ట్యాపు, బోల్టు, వాషరు, చిన్న పైపు ముక్క కూడా కావాలి.”

నోలీన్ ట్రక్కులోంచి గాలిమర రిపేరు పెట్టె తెచ్చి బల్ల మీద కుమ్మరించింది.

ఆయన డైని ప్రెస్సులోంచి విప్పి వైసుకి బిగించాడు. లోపలి సూది కడ్డీని వెనక్కి తిప్పి పక్కన పెట్టాడు. గొట్టం అడుగున నిదానంగా కన్నం తొలిచాడు.

బయట మైదానంలో తుపాకీ మోగింది. వెంటనే మరో రెండు.

ముసలాయన చెయ్యి ఆగింది. కిటికీ వైపు చూశాడు.

“తొమ్మిదైంది. మొదటి బ్యాచి మొదలెట్టేశారు” అంది నోలీన్ గోళ్లు కొరుక్కుంటూ. “నాది రెండోది, పదింటికి.”

“అయితే మీకు టైముంది.”

మళ్లీ పని మీదికి వంగాడు. కన్నంలో మర కోశాడు. డై మూతి మీద పైపు ముక్క నిలబెట్టి, దాని మీద వాషరు వేసి, మధ్యలోంచి బోల్టు దించాడు. స్పానరుతో పావు చుట్టు. ఇంకో పావు.

ఇత్తడి కిర్రుమంది. నోలీన్ కళ్లు మూసుకుంది.

“ఇంక చూడొచ్చు.”

గొట్టం బోల్టుకి వేలాడుతోంది. డైలో ఒక్క గీత లేదు.

“మిమ్మల్ని ముద్దెట్టుకోవాలనుంది పెద్దాయనా!”

“ముద్దు తర్వాత. ముందు జిడ్డు.”

పన్నెండు గొట్టాలకీ ఆయనే జిడ్డు పూసి అందించాడు. రెండు గురి సరిచూసుకోవడానికి, పది లెక్కకి. ఆమె నొక్కింది, ఆయన తుడిచాడు. ఆమె మందు కొలవడం మొదలుపెట్టగానే ఆయన ఏదో అనబోయాడు.

“ష్! మందు కొలుస్తుంటే ఈ షెడ్డులో ఎవరూ నోరెత్తకూడదు. మా రూలు.”

“మాదీ అదే.” నోరు మూసుకున్నాడు.

“మందు దగ్గర నోరు మూసుకునే మగాణ్ణి ఇప్పుడే చూస్తున్నా” అని నవ్వి ఆమె త్రాసు మీదికి వంగింది.

పదికి పది నిమిషాలుందనగా పన్నెండో తూటా పెట్టెలో పడింది.

“పరిగెత్తండి. బల్ల నేను సర్దుతాలే.”

పరిగెత్తింది. పేరైనా అడగలేదు.

యాభైకి నలభై తొమ్మిది!

మధ్యాహ్నం క్లబ్బు కెప్టెన్ మెర్వ్ జాబితా చదివాడు. అయిదో పేరు నోలీన్ పర్టెల్. ‘ఆరు’ అంటూ ఆటపట్టించిన వాళ్లే ఆమెను ఎత్తి తిప్పారు.

కిందికి దిగీ దిగగానే కళ్లు తుడుచుకుంటూ షెడ్డుకి వెళ్లింది. బల్ల అద్దంలా ఉంది. మనిషి లేడు.

“మెర్వ్, ఆకుపచ్చ టోపీ ముసలాయన ఎవరు? అడ్రసు కావాలి. నా చేత్తో చేసిన పళ్ల కేకు పంపాలి. కేకేం ఖర్మ, మా పొట్టేలునే పంపాలి! ఆయన లేకపోతే నేనివాళ కాల్చే గీత దాకా వచ్చేదాన్నే కాదు.”

మెర్వ్ జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఆబ్రీ కిట్టో. ఇన్నేళ్లూ జిల్లా ఎంపికకి అటు తూర్పు మైదానంలోనే కాల్చేవాడు, నువ్వు చూసుండవు. నీ వెనకే నిలబడి, ఆఖరి గుండు దాకా చూసి, చప్పట్లు కొట్టి వెళ్లాడు.”

“అయ్యో, ఒక్క కేక వెయ్యొద్దూ! మరి ఆయన కాల్చలేదా?”

మెర్వ్ గొంతు తగ్గించాడు.

“పోయినేడు అయిదో చోటు ఆయనదే, నోలీన్. ఇవాళ మొదటి బ్యాచిలో మూడుసార్లు పేరు పిలిచాం, రాలేదు.”