అత్తయ్య మంగళవారాలు

ఆదివారాలు పిల్లలతో బ్యూడ్లీ ఊళ్ళో సెవర్న్ ఏటి ఒడ్డుకు బయల్దేరినప్పుడల్లా, "కారులో చోటు లేదత్తయ్యా" అనేదాన్ని. అబద్ధం. ఆవిడ నడక నెమ్మది, అంతే.

ఎనభయ్యో పుట్టినరోజని మొన్న మాత్రం వెంట తీసుకెళ్ళాం. ఏటి పక్క టీకొట్టులో అడుగుపెట్టామో లేదో, యజమానురాలు ఎదురొచ్చింది.

"ఎనిడ్ గారూ! ఇవాళ ఆదివారం వచ్చారేం? మీరెప్పుడూ మంగళవారమేగా?"

నేను అత్తయ్య వైపు తిరిగాను. "ఒక్కరే వస్తున్నారా అత్తయ్యా? చెప్పలేదేం?"

"బస్సుందిగా, పిల్లా." ఆవిడ నా చెయ్యి తట్టింది. "మీరంతా ఇంటికొచ్చి ఇక్కడి కబుర్లు చెప్పుకుని నవ్వుతుంటే నాకేం అర్థమయ్యేది కాదు. అందుకే వచ్చి, మీరు చెప్పిన చోటల్లా కాసేపు కూర్చుని పోతున్నా. ఇప్పుడు నేనూ మీతోపాటే నవ్వుతున్నాగా, చూళ్ళేదూ?"

నేను చూళ్ళేదు.