చెంపదెబ్బకి వన్స్ మోర్

తొంభై రెండులో, దేశ రాజధానిలో, ఆర్.కె. పురం తెలుగువాళ్ళు ఒక పాత హాస్యనాటకం వేశారు. కుర్రతనంలో మా ఊళ్ళో అందులో పెళ్ళాం వేషం నేనే కట్టేవాణ్ణి.

పెళ్ళాం మొగుడికి ఎదురు చెబుతుందని అప్పట్లో పెద్దలు గొడవ చేశారు, రాళ్ళు కూడా వేశారు. మొగుడు చెంప మీద కొడితే మాత్రం అందరూ నవ్వి వన్స్ మోర్ అనేవారు. అంటే మళ్ళీ కొట్టాలి. అది రివాజు.

ఇక్కడ ఆ వేషం మా పై క్వార్టర్ అమ్మాయిది. దెబ్బ పడగానే కుర్చీ గట్టిగా పట్టుకున్నాను.

నవ్వు వినబడలేదు. నాకు ఎడమ చెవి పనిచేయదు, అందుకని కుడి చెవి జనం వైపు తిప్పాను. అటూ నవ్వు లేదు. వెనక ఒక ఆడపిల్ల, "ఛీ, యే క్యా కామెడీ హై?" అంది, ఇదేం హాస్యమని.

నాటకం వేయించిన జనార్దనరావుగారు నా పక్కనే ఉన్నారు. ఆయన ముఖం చిన్నబోయింది.

"వీళ్ళకి హాస్యం తెలీదండీ. మీ ఊళ్ళో ఎన్ని వన్స్ మోర్లు పడేవి?"

"చాలానే పడేవండీ."

"అబ్బ! ఎన్నాళ్ళు ఆడారు?"

"ఈ ఎడమ చెవి పోయేదాకానండీ."